ఇంట్లో చాక్లెట్ బ్రౌనీ: రుచి ఒక ఎత్తు, లెక్క ఒక ఎత్తు

(2023–24 వార్షిక మహాసభలో జీవనోపాధుల అంశంపై ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. మైకు ముందర మాట్లాడే అలవాటు లేదు. అందుకే రాత్రి కూర్చొని కాగితం మీద రాసుకొచ్చినాను. తప్పులుంటే మీ ఇంటి ఆడబిడ్డ అనుకొని మన్నించండి.

నన్ను చాక్లెట్ బ్రౌనీ గురించి మాట్లాడమన్నారు. బ్రౌనీ అంటే ఏందో తెలియని అవ్వలు ఇక్కడ ఉన్నారు. కేకు పొంగుతుంది, దూది లాగా ఉంటుంది. బ్రౌనీ పొంగదు. పైన పలచని పొర, లోపల మెత్తగా, తడిగా, నోట్లో పెడితే కోవా లాగా ఉంటుంది. రంగు నల్లగా, మన రాగిసంగటి ముద్దను కోసి పెట్టినట్టు కనిపిస్తుంది. ఇది అమెరికా దేశపు తిండి. 1893లో షికాగో ఊర్లో పెద్ద ప్రదర్శన జరిగిందంట. అక్కడికి వచ్చే ఆడవాళ్ళ భోజనం డబ్బాలో పెట్టడానికి, చేతికి అంటకుండా తినేటట్టు ఒక చిన్న తీపి కావాలని ఒక హోటలు యజమాని భార్య అడిగితే ఇటువంటిది చేసినారని చెప్తారు. అంటే ఇది కూడా మన సద్దిమూటలో పెట్టుకునే తిండి వంటిదే.

మా ఇంటికి ఇది ఎట్ల వచ్చిందో చెప్తాను. మా పాప కర్నూలులో ఇంటర్ చదువుతోంది. ఒకరోజు స్నేహితుల పుట్టినరోజుకు పోయి వచ్చి, "అమ్మా, ఇంతుంది ముక్క, పైన కొంచెం ఐస్‌క్రీమ్ వేసి 120 రూపాయలు తీసుకున్నారు" అనింది. 120 రూపాయలంటే నాకు గుండె గుభేలుమనింది. ఆ తర్వాత ఆశ పుట్టింది. స్వయం ఉపాధి శిక్షణలో పది రోజులు బేకరీ పని నేర్చుకున్నాను. 2023 జూలైలో మా సంఘం నుంచి 12,000 రూపాయలు అప్పు తీసుకొని ఓవెన్, తూకం మిషను, ట్రేలు కొన్నాను. నెలకు 500 అసలు, నూటికి రూపాయి వడ్డీ.

ముందు చేసే విధానం చెప్తాను. ఆ తర్వాత నేను ఎక్కడ పడిపోయినానో చెప్తాను. రెండోది ముఖ్యం, మధ్యలో లేచి పోవద్దండి.

ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకు కొలతలు ఇవి. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

డార్క్ చాక్లెట్ 200 గ్రాములు
వెన్న 120 గ్రాములు
చక్కెర 200 గ్రాములు
కోడిగుడ్లు 3
మైదా 90 గ్రాములు
కోకో పొడి 30 గ్రాములు
వేయించి పొట్టు తీసిన శనక్కాయ పప్పులు 60 గ్రాములు
వెనిలా ఒక చెంచా, ఉప్పు చిటికెడు

చాక్లెట్‌ను, వెన్నను ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నె మీద పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే చాక్లెట్ మాడిపోతుంది. కరిగేటప్పుడు నీళ్ళ చుక్క పడినా గడ్డ కడుతుంది, గరిట పొడిగా ఉండాలి. ఇంకో గిన్నెలో గుడ్లు, చక్కెర వేసి ఐదు నిమిషాలు బాగా గిలకొట్టాలి. తెల్లగా, నురగగా రావాలి. బ్రౌనీ మీద కనిపించే మెరిసే పొర ఈ చక్కెర గుడ్లలో బాగా కరిగినందువల్లే వస్తుంది. అందుకే చక్కెర పొడి చేసి వేస్తే సులువు. చాక్లెట్ గోరువెచ్చగా అయినాకనే గుడ్లలో కలపాలి. వేడిగా పోస్తే గుడ్డు ఉడికి పోరటు అవుతుంది. తర్వాత మైదా, కోకో, ఉప్పు జల్లించి వేసి, పిండి కనపడకుండా అయ్యేంతవరకే కలపాలి. చపాతీ పిండి పిసికినట్టు ఎక్కువసేపు కలిపితే బ్రౌనీ గట్టిపడి సాగుతుంది. చివర్న శనక్కాయలు. పట్నంలో అక్రోటు వేస్తారు. మన పొలంలో పండేది మనం వేస్తాము, రుచికి ఏమీ తక్కువ లేదు.

ఓవెన్ పది నిమిషాలు ముందుగా వేడి చేసి, 170 డిగ్రీల మీద 25 నుంచి 30 నిమిషాలు పెట్టాలి. ఇక్కడే అందరూ చెడగొడతారు. కేకుకు పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. బ్రౌనీకి పుల్ల గుచ్చితే నాలుగు తడి ముక్కలు అంటుకొని రావాలి. పొడిగా వచ్చిందంటే అది అప్పటికే ఎండిపోయిందని అర్థం. పచ్చి పిండి జారుతూ వస్తే ఇంకో నాలుగైదు నిమిషాలు. బయటికి తీసినాక పూర్తిగా చల్లారనివ్వాలి. అప్పుడు 16 ముక్కలు కోసుకోవచ్చు.

ఓవెన్ లేనివాళ్ళు దిగులు పడొద్దు. ప్రొద్దుటూరులో ఉండే మా చిన్నమ్మ కూతురు మందపాటి గిన్నెలోనే చేస్తుంది. అడుగున ఉప్పు పరచి, మీద స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు వేడి చేసి, ట్రే లోపల పెట్టి సన్న మంట మీద 40, 45 నిమిషాలు ఉంచుతుంది. కుక్కరులో చేసేవాళ్ళు రబ్బరు, విజిలు రెండూ తప్పకుండా తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. గుడ్డు తిననివాళ్ళకు మూడు గుడ్ల బదులు 150 గ్రాముల చిక్కటి పెరుగు, అర చెంచా బేకింగ్ పౌడర్ వేస్తే సరిపోతుంది. కార్తీక మాసంలో నాకు ఇవే ఎక్కువ పోయినాయి. ఇది కొంచెం కేకు లాగా వస్తుంది, ఆ మాట ముందే చెప్పి అమ్మాలి.

మైదా బదులు కొర్ర పిండితో కూడా చేసినాను. కొర్ర మన నేల పంట. నంద్యాల పరిశోధనా కేంద్రం వాళ్ళు సూర్యనంది అని కొర్ర రకమే తెచ్చినారు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది కాబట్టి అడిగేవాళ్ళు కూడా పెరిగినారు. రొట్టెకు సాగే గుణం కావాలి, బ్రౌనీకి అంత అవసరం లేదు, అందుకే కొర్ర పిండి సరిపోతుంది. పిండి మాత్రం మెత్తగా పట్టించి జల్లించాలి, లేకుంటే ఇసుక నమిలినట్టు ఉంటుంది. కలిపినాక ఇరవై నిమిషాలు నాననివ్వాలి. ఎప్పటికప్పుడు పట్టించుకోవాలి, నిల్వ పిండి కనరు వాసన వస్తుంది. ఒక మాట అక్కా, కొర్ర వేసినాము కదా అని షుగరు ఉన్నవాళ్ళకు మంచిదని చెప్పి అమ్మొద్దు. అందులో 200 గ్రాముల చక్కెర అట్లనే ఉంది. అమ్ముకోవడానికి అబద్ధం చెప్తే ఒకసారి అమ్ముడుపోతుంది, రెండోసారి మన మొహం చూడరు.

ఇప్పుడు నా కథ.

జూలైలో మొదలుపెట్టినాను. ముక్క 15 రూపాయలకు అమ్మినాను. బడి టీచర్లు, మండలాఫీసు వాళ్ళు, బస్టాండు దగ్గర తెలిసినవాళ్ళు ఎగబడి కొన్నారు. నెలకు 20 ట్రేలు పోయినాయి. అందరూ బాగుంది బాగుంది అంటుంటే నాకు నేల మీద కాలు నిలవలేదు. మా సంఘంలో ఒక పెద్దామె ఉంది, అందరం అవ్వ అంటాము. ఆమెకు బ్రౌనీ అనే మాట రాదు. "ఈ పొద్దు నీ బోణీ అయిందా?" అని అడిగేది. మేము నవ్వుకునేవాళ్ళం.

శ్రావణ మాసంలో ఒక పెళ్ళివాళ్ళు పది ట్రేలు, అంటే 160 ముక్కలు అడిగినారు. రాత్రంతా చేసినాను. తెల్లారేసరికి ఇవ్వాలనే తొందరలో వేడి తగ్గకముందే డబ్బాల్లో పెట్టి మూతలు వేసినాను. ఆవిరి మూతకు పట్టి, నీళ్ళై ముక్కల మీద పడింది. వాళ్ళు మూడో రోజు చుట్టాలకు పంచబోతే డబ్బాల్లో తెల్లగా బూజు. తిరిగి తెచ్చి మా గడప దగ్గర పెట్టినారు. ఎవరూ తినకముందే చూసినారు, అంతవరకు దేవుడు చల్లగా చూసినాడు. తీసుకున్న 2,400 రూపాయలు తిరిగి ఇచ్చేసినాను. సామాను డబ్బు, డబ్బాల డబ్బు నా మీదనే పడింది.

తర్వాతి నెల కంతు కట్టడానికి చేతిలో డబ్బు లేదు. నేను లీడరును. మిగతావాళ్ళ కంతు ఒక్కరోజు ఆలస్యమైతే గట్టిగా అడిగేదాన్ని నేనే. నా కంతు ఆగిపోయిందని బుక్కులో రాయించడానికి నాకు నోరు రాలేదు. ఏం చేసినానంటే, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి 3,000 తెచ్చి, నవ్వు మొహంతో సంఘంలో కంతు కట్టినాను. మీటింగులో మూడు రూపాయల వడ్డీ జోలికి పోవద్దని చెప్పే మనిషిని నేను. అట్లాంటి వడ్డీల నుంచి బయటపడాలనే కదా మన అమ్మలు రోజుకు రూపాయి దాచి ఈ సంఘాలు పెట్టుకున్నది. ఆ మాట ఈ పొద్దు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను.

వడ్డీ ఆయన మా వీధిలోకి రావడం అవ్వ చూసింది. నన్ను పక్కకు పిలిచింది. తిట్టలేదు. "పాపా, నీ బోణీ లెక్క ఒకసారి నాకు చెప్పు" అనింది. అవ్వకు అక్షరం రాదు, వేలిముద్ర వేస్తుంది. నోటి లెక్కలో ఆమెను మించినవాళ్ళు మా ఊర్లో లేరు. నేను చెప్పినాను, ఒక ట్రేకు:

చాక్లెట్ 80 రూపాయలు, వెన్న 66, చక్కెర 9, గుడ్లు 18, మైదా 4, కోకో 18, శనక్కాయలు 9, వెనిలా, ఉప్పు 5. మొత్తం 209. అమ్మితే 16 ముక్కలకు 240. మిగిలేది 31.

"అట్లయితే ఆ 31 యాడ ఉంది?" అనింది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు అవ్వ ఒక్కొక్కటే అడిగింది. కరెంటుకు ఎంత? ఓవెన్‌కు ట్రేకు ఒక యూనిట్ దాకా కాలుతుంది, 6 రూపాయలు. డబ్బాలు? నాలుగు ముక్కలకు ఒక డబ్బా, డబ్బా 6, నాలుగు డబ్బాలకు 24. ఆటో ఖర్చు? ట్రేకు 10. మొత్తం 249. అంటే 240కి అమ్మి, ప్రతి ట్రే మీద 9 రూపాయలు నేనే చేతి నుంచి పెట్టుకుంటున్నాను. నెలకు 20 ట్రేలకు 180. కంతు, వడ్డీ 620 వేరే. ఇదంతా ఎక్కడి నుంచి వస్తా ఉంది? మా ఆయన కూలి డబ్బులు, మా బర్రె పాల డబ్బులు. ఊరంతా నా బ్రౌనీ తింటోందని నేను మురిసిపోతే, మా బర్రె ఊరికి బ్రౌనీ తినిపించింది.

చివర్న అవ్వ అడిగిన మాట నేను ఎప్పటికీ మరిచిపోను. "పాపా, నీ రెక్కల కష్టం యాడ రాసినావు?" నేను రాయలేదు. ఇంట్లో చేసే పనికి కూలి ఏందని అనుకున్నాను. అప్పుడు ఉపాధి హామీ పనికి పోతే రోజుకు 272 రూపాయలు. ఎనిమిది గంటలకు లెక్కేస్తే గంటకు 34. ఒక ట్రేకు కలపడం, కాల్చడం, కోయడం, గిన్నెలు కడగడం, అంతా కలిపి గంటన్నర. 51 రూపాయలు. అది కలిపితే ట్రే ఖర్చు 300. నేను అమ్మింది 240కి.

ఆ వారం మీటింగులో నేనే లేచి అంతా చెప్పినాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకామె, "నువ్వే ఇట్ల చేస్తే మేము ఎవరికి చెప్పుకోవాల?" అనింది. ఆ మాట పడాల్సిందే, పడినాను. తర్వాత సంఘం రెండు తీర్మానాలు రాసింది. ఒకటి, నా మూడు రూపాయల అప్పు ముందు తీర్చడానికి సంఘం నిధి నుంచి రూపాయి వడ్డీకి ఇచ్చింది. రెండోది, ఇకమీద ఎవరు వ్యాపారానికి అప్పు అడిగినా లీడరుతో సహా ముందు లెక్క కాగితం తేవాలి, మూడు నెలలకు ఒకసారి ఆ లెక్క సంఘంలో చదవాలి.

లెక్క తెలిసినాక ధర మార్చినాను. నాలుగు ముక్కల డబ్బా 100 రూపాయలు చేసినాను. ట్రేకు 400 వస్తుంది. 300 ఖర్చు, అప్పు భాగం 31 పోతే 69 మిగులుతుంది, అది నా కూలి పోగా. కొందరు మానుకున్నారు, చాలామంది కొన్నారు. ఇంక పరవాలేదు అనుకునేలోపల 2024 వేసవి ముందర కోకో ధర లేచింది.

కోకో ధర మన చేతిలో లేదు. ప్రపంచంలో సగానికి పైగా కోకో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో పండుతుంది. అక్కడ వానలు తారుమారై, చెట్లకు తెగుళ్ళు తగిలి పంట పడిపోయింది. 2023 మార్చిలో టన్ను 3,000 డాలర్ల లోపు ఉన్నది, 2024 మార్చిలో 10,000 డాలర్లు దాటింది. మన రాష్ట్రంలోనే ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా కోకో వేస్తారు. దేశంలో ఎక్కువ కోకో పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆ రైతులకు ఈసారి మంచి ధర వచ్చింది, సంతోషమే. మాకు మాత్రం చాక్లెట్ 80 నుంచి 110 అయింది, కోకో 18 నుంచి 36 అయింది. ట్రేకు 48 పెరిగింది. వాన రాకుంటే ఏమవుతుందో మన రాయలసీమ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. యాడనో ఆఫ్రికాలో చెడిన పంట మా వంటింటి లెక్కలో కనపడింది.

లెక్క లేకుంటే నేను ఇంకోసారి మునిగేదాన్ని. లెక్క ఉంది కాబట్టి వారంలోనే తెలిసిపోయింది. డబ్బా 120 చేసినాను. నెలకు 20 ట్రేలు పోయేవి 16 అయినాయి. ట్రేకు 480 వస్తే, ఖర్చు 348, అప్పు భాగం 39 పోతే 93 మిగులుతుంది. నా కూలి కూడా కలిపితే నెలకు సుమారు 2,300 రూపాయలు. వేలకు వేలు సంపాదిస్తున్నానని చెప్పను. కాని ఈ 2,300 నిజంగా నావి, బర్రెవి కావు.

కొత్తగా మొదలుపెట్టే చెల్లెళ్ళకు నాలుగు జాగ్రత్తలు చెప్తాను.

మొదటిది, పూర్తిగా చల్లారనిది డబ్బాలో పెట్టొద్దు. కనీసం మూడు గంటలు ఆగండి. మన ఎండల్లో రెండు రోజులకు మించి బయట ఉన్న ముక్కను నేను అమ్మను. ఎన్ని అడిగినారో అన్నే చేస్తాను.

రెండోది, చాక్లెట్ కొనేటప్పుడు పొట్లం వెనక చదవండి. కాంపౌండ్ అని ఉంటే అందులో కోకో వెన్న బదులు వేరే నూనె కొవ్వు ఉంటుంది. ధర తక్కువ, ఎండకు తట్టుకుంటుంది. నేను వాడేది అదే. ఎవరైనా అడిగితే అదే చెప్తాను.

మూడోది, ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి. 2023–24లో ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉంటే సంవత్సరానికి 100 రూపాయలు ఫీజు ఉండేది. డబ్బా మీద ఏమేమి వేసినామో, ఏ రోజు చేసినామో, ఎప్పటిలోగా తినాలో రాయాలి. గుడ్డు వేసినదానికి గోధుమరంగు త్రికోణం గుర్తు, గుడ్డు లేనిదానికి పచ్చ చుక్క. ఒక పొద్దు ఉన్న మనిషి తెలియక తింటే ఆ పాపం మనదే.

నాలుగోది, డబ్బు కావాలంటే బయటికి పోవద్దు. 2023–24లో ఆహార పరిశ్రమల పథకం కింద సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల వరకు పెట్టుబడి నిధి ఉండేది. పెద్దగా పెట్టాలనుకుంటే బ్యాంకు అప్పు మీద 35 శాతం రాయితీ, 10 లక్షల వరకు ఉండేది. మీ గ్రామ సంఘంలో అడగండి. అడిగేటప్పుడు లెక్క కాగితం చేతిలో పెట్టుకొని పోండి.

ఈ మహాసభను నేను ఒకటే కోరుతున్నాను. మా సంఘం రాసుకున్న లెక్క కాగితం తీర్మానాన్ని సమాఖ్యలో ఉన్న అన్ని సంఘాలకు పెట్టండి. బ్రౌనీ ఒక్కటే కాదు, పచ్చళ్ళు, ఓళిగలు, కుట్టుమిషను, పాలు, ఏది చేసినా సరే. ఆ కాగితంలో అన్నిటికంటే పైన, మొదటి వరుసలో, మన కూలి రాయండి. మనం రాయకుంటే ఇంకెవరూ రాయరు. లీడర్లకు ఇంకో మాట. కంతు తప్పితే సంఘంలో చెప్పండి. నాకు అది చెప్పడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలకు మూడు రూపాయల వడ్డీ కట్టినాను.

బయట బల్ల మీద ఆరు ట్రేలు పెట్టినాను, 96 ముక్కలు. కొర్రవి ఎడమ పక్కన, గుడ్డు లేనివి పచ్చ కాగితం అంటించిన ట్రేలో ఉన్నాయి. ముక్క 30 రూపాయలు. ఊరికే పెడదామనుకున్నాను, అవ్వ ఒప్పుకోలేదు. మొదటి ముక్క ఆమెనే 30 ఇచ్చి కొని, "ఈ పొద్దు నీ బోణీ అయింది" అనింది.